ఉద్యమ శిబిరంలో నేను కలిపేసిన రెండు భాషలు

తెలంగాణ ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్నవాళ్లున్నారు, జైలు కూడు తిన్నవాళ్లున్నారు. నేను మాత్రం జగిత్యాల శిబిరంలో ఒక్క పేను దెబ్బకు కూలిపోయాను. చరిత్రకారులు ఎలాగూ రాయరు కనుక నేనే రాసుకుంటున్నాను.

అప్పుడు భాషాశాస్త్రం చదువుతున్నాను. పపువా అనే దూరపు దీవిలో కొండకో భాష. కొన్నింటిని మాట్లాడేవాళ్లంతా వచ్చి మా వాకిట్లో కూర్చున్నా ఇంకా చోటు మిగులుతుంది. అలాంటి రెండు భాషల మాటల పట్టికలు మా సారు నా చేతిలో పెట్టారు.

"గివి సొంత అక్కచెల్లెండ్లయితే ఒక్కదాన్నే రికార్డు చేస్తం. వేరయితే రెంటికీ పోవాలె. రెండోది మాట్లాడేటోళ్లు పండుటాకులు. జర మంచిగ చూసి చెప్పు."

ఉద్యమంతో యూనివర్సిటీ మూతబడింది. పట్టికలతో కోరుట్లలో మా ఇంటికి చేరి వారం రోజులు చూశాను. అంటే, మొదటి పేజీ చూశాను. పంది, ఉప్పు, గొడ్డలి: రెంటిలోనూ అవే మాటలు. ఇక పేజీ తిప్పడం నా మేధస్సుకే అవమానం అనిపించింది. అన్నం ఉడికిందనడానికి ఒక్క మెతుకు చాలంటారు. నేను కుండ మూత చూసే వడ్డించేశాను.

ఆ వారమే సారు మద్దతు తెలపడానికి జగిత్యాల దీక్షా శిబిరానికి వచ్చి, "ఏం తేల్చినవో చెప్పు" అంటూ పట్టికలతో వెళ్లిన నాకు మైకు అందించారు. నా వెనక 'మా యాస మాది, మా రాష్ట్రం మాకు' అన్న బ్యానర్. నేనేమో ఆ రెండు భాషలూ ఒక్క తల్లి బిడ్డలని, వాటిని విడదీయడం మహాపాపమని పది నిమిషాలు గర్జించాను. చప్పట్లు లేవు. డప్పు కొట్టే ఆయన డప్పు కింద పెట్టేశాడు.

ముందు వరసలో మా నాయనమ్మ చెల్లెలు రాజవ్వ ఉంది. సిరిసిల్లలో మగ్గాల పక్కనే బతుకంతా గడిపిన మనిషి. ముడి చూసి ఏ పోగు ఎక్కడిదో చెప్పగలదు.

"మనుమడా, గీ టెంటుల నిలవడి కలిసుండుమంటవేందిరా?"

"గవి భాషలవ్వా. గది వేరే ముచ్చట."

"దేంట్ల కలిసినయ్ మల్ల?"

"పంది, ఉప్పు, గొడ్డలి."

"గవి అంగట్ల దొరికేటివి. సరుకుతోని పేరు గూడ అస్తది. మనం కుర్సీ, దర్వాజ అంటలేమా? ఢిల్లీ బాద్షా మనకు మేనమామ అయితడా?"

శిబిరమంతా నవ్వింది. సారు నవ్వలేదు, నోటుబుక్కు తీశారు. అది ఇంకా ప్రమాదం.

"మల్యాల బస్సు కండక్టరు నిన్ను అల్లుడా అంటడు. బిడ్డనిస్తడా?"

ఇవ్వడు. అడిగి చూశాను, అది మరో పరాభవం.

"అంగట్ల కొననిది చెప్పు. పేనును ఏమంటరు?"

మైకు ముందే మొదటిసారి రెండో పేజీ తిప్పాను. పేను వేరు. కన్ను వేరు. 'నేను', 'నువ్వు' అనే మాటలు కూడా వేరే. ఒక్కటీ కలవలేదు.

"పేను అంగట్ల దొరకది కొడుకా. తల్లి తలలకెంచే బిడ్డ తలలకు అస్తది."

సారు లేచి ఆమెకు దండం పెట్టారు. "ఇన్నేండ్ల సంది పాఠం చెప్తున్న. గింత సక్కగ నాకెన్నడు రాలే." తర్వాత నా వైపు తిరిగి, "రెంటికీ పోతున్నం" అన్నారు.

సారు రెండు చోట్లకూ వెళ్లొచ్చారు. రెండో భాష మాట్లాడే ముసలమ్మ గొంతు రికార్డు ఇప్పుడు నా దగ్గర ఉంది. సారు అడిగిన మొదటి మాట పేనే. ఆమె మాట చెప్పి చాలాసేపు నవ్వింది, అచ్చం రాజవ్వలాగే.

కొండగట్టు అంజన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పేనును విచారించకుండా ఇక ఏ రెండు భాషలకూ చుట్టరికం కలపను. కండక్టరు సంగతి మాత్రం ఈ ప్రమాణంలోకి రాదు.