సున్నం కింది గీతలు

మొన్న నరసరావుపేటలో మా కారు సర్వీసుకిస్తే, మెకానిక్కు ఇంజను పక్కమూత విప్పి, పాత టైమింగు బెల్టు తీసి నా చేతిలో పెట్టాడు. వేడెక్కిన రబ్బరూ ఇంజనాయిలూ కలిసిన ఆ వాసన తగలగానే నలభై దాటిన మనిషిని కాస్తా, మా ఇంటి రేకుల షెడ్డులో బొగ్గుముక్క పట్టుకుని గోడ ముందు నిలబడ్డ పదేళ్ల పిల్లనైపోయాను.

ఆ షెడ్డులో ఉండే డీజిలు కారును నాన్న నరసరావుపేట నుంచి మాచర్లకు బాడుగకు తిప్పేవాడు. సీట్ల సందుల్లో ఎండుమిరప గింజలు, శనక్కాయ పొట్టు, ఎవరి జడలోంచో జారిన వాడిపోయిన మల్లెలు, అన్నీ కలిసి ఒక ఘాటైన వాసన. కోటప్పకొండ తిరునాళ్లకు ఆ కారులోంచి పదకొండుమంది దిగాక చివరగా ఒక మేకపోతు దిగి, చార్జీ ఇవ్వకుండా కొండెక్కిందని బడిలో చెప్పేదాన్ని. మేకపోతు మాత్రమే అబద్ధం.

కారుకు కిలోమీటర్ల మీటరు ఎప్పుడో చచ్చింది. అందుకని మా వీధి మెకానిక్కు మస్తాన్ మావయ్య, దానికి కొత్త టైమింగు బెల్టు వేసిన రోజునే నాన్నకొక లెక్క కట్టిచ్చాడు.

"అరవై వేల కిలోమీటర్లకు మార్చాల బావా. మాచర్ల పోయిరావటం నూటయాభై అనుకో, నాలుగొందల ట్రిప్పులు. గొలుసున్న ఇంజనైతే అరిగేటప్పుడు గలగలమని మొత్తుకుంటది. ఇది చెప్పాపెట్టకుండా తెగుద్ది. తెగిందా, పిస్టన్లు పోయి వాల్వులను గుద్దుతయ్. ఇంక ఇంజను పాడెక్కినట్టే."

ట్రిప్పుకొక గీత గీసే ఉద్యోగం నాది. సాయంత్రం నాన్న తెచ్చిన బెల్లంజీడి చప్పరిస్తూ, చల్లారుతున్న ఇంజను టిక్కుటిక్కుమంటుంటే, ఠీవిగా ఒక గీత గీసేదాన్ని. ఏడాది తిరిగేసరికి గోడంతా నల్లబడింది.

శివరాత్రి ముందు అమ్మ ఇల్లంతా సున్నం కొట్టింది. బకెట్లో మిగిలింది పారబొయ్యటం ఇష్టంలేక షెడ్డు గోడకూ కొట్టింది.

"ఏమే, గీతలన్నీ ఏయి?" అన్నాడు నాన్న, గుమ్మంలోనే ఆగిపోయి.

"ఏం గీతలు? పండగపూట బొగ్గుమరకలేందని కొట్టా. చానా బాగుంది గదా!"

నాన్న నావైపు తిరిగాడు. "ఎన్నుండయ్యే బుజ్జమ్మా?"

నేను ఒక్కనాడూ లెక్కపెట్టలేదు. కానీ తెలీదనే మాట నా నోట పలికేది కాదు. అబద్ధానికి సున్నాలున్న అంకె పనికిరాదని అప్పటికే నాకు తెలుసు.

"రెండొందల ముప్పై ఏడు నాన్నా!"

నాన్న మొహం తేటపడింది. తెల్లటి గోడమీద తన చేత్తోనే ఆ అంకె వేశాడు. దాని పక్కన నేను మళ్లీ గీతలు మొదలెట్టాను.

వేసవి సెలవుల్లో మాచర్లలో ఉన్న అత్త దగ్గరికి నేనూ ఆ కారులోనే బయలుదేరాను. రెంటచింతల ఇంకా రాలేదు, మిట్టమధ్యాహ్నం, టప్పుమని ఒక్క చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. కారు కాస్త దూరం తనంతట తానే దొర్లి, వడగాలిలో ఆగిపోయింది.

లారీ ఎక్కి వచ్చిన మస్తాన్ మావయ్య తెగిన బెల్టును వేళ్ల మధ్య తిప్పి చూశాడు. పళ్లన్నీ అరిగిపోయి ఉన్నాయి.

"నాలుగొందలు ఎప్పుడో దాటింది గదయ్యా! లెక్క జూసింది ఎవురు?"

నాన్న నావైపు చూడలేదు. "నేనే మర్చిపోయా బావా," అన్నాడు.

నాన్న నోట నేను విన్న అబద్ధం అదొక్కటే. ఇంజను బాగుచేయించే స్తోమత లేక కారు తుక్కుకు పోయింది. నాన్న చిలకలూరిపేటలో ఒక నూలుమిల్లు యజమానికి డ్రైవరుగా కుదిరి, జుట్టునిండా దూదిపింజలతో ఇంటికొచ్చేవాడు. పోయేదాకా ఆ అంకె సంగతి అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, గోడ లేదు, మస్తాన్ మావయ్యా లేడు. సెకండుహ్యాండులో కొన్న ఈ కారుకు మీటరు మాత్రం శుభ్రంగా తిరుగుతుంది.

"ఇది ఎప్పుడు మార్పిచ్చారక్కా? మీటరు ఎంత ఉన్నప్పుడు?" అన్నాడు మెకానిక్కు. "మరీ పాతది కాకపోతే ఇదే ఎక్కిస్తా."

ఒక చక్కటి బేసి అంకె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"తెలీదు తమ్ముడూ," అన్నాను. "కొత్తది వెయ్యి."