తప్పంతా ఆకుపచ్చ ప్యాకెట్‌దే

ఈ లోకంలో తప్పు చేయగలిగినది ఒక్కటేనని యెన్ షుయ్-మూ గట్టి నమ్మకం. అది మనిషి కాదు, యంత్రమూ కాదు. సర్వర్ నెత్తిమీద కూర్చోబెట్టే మొక్కజొన్న బొరుగుల ప్యాకెట్. కొబ్బరి రుచి, ఆకుపచ్చ రంగు. కంప్యూటర్లు మొరాయించినా, ఆర్డర్లు గల్లంతైనా, ఆఖరికి వీధిలో కరెంటు పోయినా, ఆయన కళ్ళజోడు తగిలించుకుని తిన్నగా ఆ ప్యాకెట్ దగ్గరికే వెళ్ళేవాడు.

సర్వర్ మీద దాన్ని పెట్టడంలో వింతేమీ లేదు. తైవాన్‌లో చాలామంది పెడతారు. దాని పేరుకే "బుద్ధిగా ఉండు" అని అర్థం. ఆకుపచ్చదే కావాలి, ఎందుకంటే యంత్రం కులాసాగా ఉంటే వెలిగేది ఆకుపచ్చ దీపం. పసుపు ప్యాకెట్, ఎర్ర ప్యాకెట్ ఆ గది గడప తొక్కరాదు. చింపకూడదు, గడువు తీరకూడదు. ఇంతవరకు అందరూ పాటించేదే. షుయ్-మూ మాత్రం దానిమీద ఏకంగా కోర్టు నడిపేవాడు.

ఆయన కొలువు తైనాన్‌లోని ఒక జోంగ్‌జి కంపెనీలో. వెదురాకుల్లో వేరుశనగపప్పుతో, మాంసంతో కట్టి ఉడకబెట్టిన ఆ బియ్యం పొట్లాలకు డ్రాగన్ పడవల పండుగ ముందు దేశం నలుమూలల నుంచీ ఆర్డర్లు వచ్చిపడతాయి. ఎవరికి ఎన్ని, ఏ ఊరికి, ఏ వీధికి, అంతా సర్వర్‌లోని డేటాబేస్‌లో ఉంటుంది. దానికి కాపలాదారు, వైద్యుడు, దాది అన్నీ షుయ్-మూయే. ఆఫీసంతా ఆయన్ని బాబాయ్ అనే పిలిచేది.

ఆయనకు సాయంగా పెయ్-రూ అనే అమ్మాయిని తీసుకున్నారు. ఉత్తరాన కీలుంగ్ ఊరు. పనిచేసే కంపెనీ మూతపడితే ఇక్కడికి వచ్చింది. చేరిన మొదటి రోజే యజమానురాలు హుంగ్ అమ్మగారు ఆమెను ఎగాదిగా చూసి, "ఉత్తరాది పిల్లవా? మీరు వేయించిన అన్నాన్ని ఆకులో చుట్టి జోంగ్‌జి అంటారు కదూ?" అంది. "ఔనండీ," అంది పెయ్-రూ. "పోనీలే, నీ తప్పు కాదు," అని అమ్మగారు జాలిపడింది. ఉద్యోగం ఖాయం కావడానికి మాత్రం పండుగ దాటాలంది.

బాబాయ్ ఆమెకు అప్పగించిన మొదటి పని, కిరాణా కొట్టుకు వెళ్ళి ప్యాకెట్ కొనుక్కురావడం.

"తేదీ చూశావా?"

"చూశాను బాబాయ్."

"మళ్ళీ చూడు."

"వచ్చే ఏడాది దాకా ఉంది."

"సరే. రెండు చేతులతో పెట్టు. తల్లకిందులుగా పెట్టకు, దానికి కళ్ళు తిరుగుతాయి."

ఇంత చదువుకుని బొరుగులకు సేవ చేయాల్సి వచ్చిందే అనుకుంది పెయ్-రూ.

ఒక సోమవారం డేటాబేస్ నత్తనడక మొదలుపెట్టింది. పెయ్-రూ చూస్తే, ఎవరో కంపెనీ పుట్టిన నాటి నుంచి వచ్చిన ఆర్డర్లన్నీ ఒకేసారి తెరమీదికి రమ్మని అడిగి, వాటిని అలాగే వదిలేసి వెళ్ళిపోయారు. అడిగింది హుంగ్ అమ్మగారి కంప్యూటర్. తన వైభవాన్ని ఒకసారి కళ్ళారా చూసుకుందామని నొక్కి, అది రాకముందే చేపల బజారుకు వెళ్ళిపోయింది. బాబాయ్ ఆ పనిని నిశ్శబ్దంగా ఆపేశాడు. అమ్మగారు తిరిగొచ్చి "ఏమైందిరా?" అంటే ప్యాకెట్‌ను కొస పట్టుకుని ఎత్తి చూపించాడు.

"తల్లకిందులుగా కూర్చుందమ్మగారూ, కళ్ళు తిరిగాయి. ఇక అది మాట వింటుందా?"

"దిక్కుమాలిన ప్యాకెట్!" అంది అమ్మగారు.

ఇంకోసారి డిస్కు నిండిపోయి సర్వర్ పడకేసింది. అందులో సగం చోటు ప్యాకింగ్ చూసే హావ్ పిన్ని దాచుకున్న టీవీ సీరియళ్ళదే. బాబాయ్ వాటిని ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఆమె చేతిలో పెట్టాడు. అందరి ముందూ మాత్రం ప్యాకెట్‌ను దీపానికి అడ్డంగా పట్టుకుని, "మూల నలిగింది. గాలి పోయింది. దీనికి శ్రద్ధ లేదు," అని తీర్పు చెప్పేశాడు.

"బాబాయ్, నిజంగా నమ్ముతారా మీరు?" అని అడిగింది పెయ్-రూ.

"సాక్ష్యం కళ్ళెదుట ఉంటే నమ్మక ఛస్తామా?"

ఈయనకు చాదస్తం ముదిరిందని ఆమె తేల్చేసుకుంది.

పండుగ దగ్గరపడింది. అంతకుముందు ఏడు ఎవరిదో పొరపాటు వల్ల ఒక లారీ సరుకు పాడైందట. అందుకని హుంగ్ అమ్మగారు భూమి దేవుడికి అగరుబత్తీలు వెలిగించి, అందరి ముందూ ఒట్టు పెట్టుకుంది. "ఈసారి ఎవరు తప్పు చేస్తే వాళ్ళు ఆ సాయంత్రమే ఇంటికి. నా సొంత చెల్లెలైనా సరే!"

పెయ్-రూ లెక్క వేసుకుంది. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ కీలుంగ్ వెళ్ళి, ఆ వాన ఊళ్ళో, ఇరుగుపొరుగు అడిగే ప్రశ్నల మధ్య కూర్చోవాలి. పైగా, ఒప్పుకోవడానికి సిగ్గేసినా, ఈ చాదస్తపు మనిషి పక్కన పని ఆమెకు నచ్చింది.

సరిగ్గా సరుకు కదిలే రోజు ఉదయం లుకాంగ్ నుంచి ఒక ముసలావిడ ఫోన్ చేసింది. ఇల్లు మారాను, కొత్త అడ్రసు రాసుకో తల్లీ అంది. చిన్న పనే. అడ్రసు మార్చమని డేటాబేస్‌కు రాసింది పెయ్-రూ. ఎవరి అడ్రసో చెప్పే వరుస రాయబోతుండగా ఇంకో ఫోన్ మోగింది. ఒక చేత్తో ఫోన్ ఎత్తి, రెండో చేత్తో అలవాటుగా మీట నొక్కేసింది. డేటాబేస్ చెప్పిన మాట వినే రకం. ఎవరిదో చెప్పలేదు కనుక అందరి అడ్రసూ మార్చేసింది.

కాసేపటికి కింది నుంచి హావ్ పిన్ని కేక వినిపించింది. "ఏమర్రా! ఈ లుకాంగ్ ముసలమ్మ ఎవరికి పెళ్ళి చేస్తోంది? ఏ చీటీ చూసినా ఆవిడ ఇల్లే! ఒక వ్యాను అప్పుడే వెళ్ళిపోయింది కూడాను!"

పెయ్-రూ ముఖం పిండిలా పాలిపోయింది. "బాబాయ్, నేనే..."

"ఎన్నింటికి?" అన్నాడు బాబాయ్.

"నా వల్లే బాబాయ్, నేను..."

"ఎవరు అని అడిగానా నేను? ఎన్నింటికి అని అడిగాను. ఎవరన్నదాంతో బ్యాకప్‌కు పనిలేదమ్మా."

"పది దాటాక. రెండో ఫోన్ వచ్చినప్పుడు."

బాబాయ్ కింద చీటీలు ఆపమన్నాడు. రాత్రి తీసిన నకలును పక్క యంత్రంలో నిలబెట్టి, ఆ తర్వాత జరిగిన మార్పులన్నీ డేటాబేస్ తనంతట తాను రాసుకున్న వరుసలోనే దానిచేత మళ్ళీ చేయించాడు. పది దాటాక, ఆ ఒక్క తప్పు అడుగు పడబోయే ముందు ఆపేశాడు. అక్కడ అడ్రసులన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిని తెచ్చి అసలు చోట పెట్టాడు. ఆ తర్వాత వచ్చిన కొత్త ఆర్డర్ల జోలికి పోలేదు.

"ఇక మిగిలింది ముసలమ్మ అడ్రసు," అని కుర్చీలోంచి లేచాడు. "కూర్చో. మార్చు."

"నేనా? మళ్ళీనా?"

"నువ్వే. ముందు ఎవరికో రాయి. ఏమిటో తర్వాత రాద్దువు గాని."

ముందు ముసలమ్మ వరుస, తర్వాత కొత్త అడ్రసు రాసింది. ఒక్క అడ్రసే మారింది.

అప్పుడే హుంగ్ అమ్మగారు మెట్లెక్కి వచ్చింది. "ఆ ముసలావిడ వ్యాను సరుకంతా దింపించుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుందట! అడ్రసు నాది కనుక సరుకూ నాదే అంటోందట! ఎవరిదీ నిర్వాకం? పేరు చెప్పు!"

పెయ్-రూ నోరు తెరిచింది. అంతలోనే బాబాయ్ కళ్ళజోడు తగిలించుకుని సర్వర్ వైపు నడిచి, ప్యాకెట్‌ను పైకెత్తాడు.

"చూడండమ్మగారూ. గడువు ఎప్పుడో తీరిపోయింది. ఇంక అడ్రసులు నిలుస్తాయా?"

హుంగ్ అమ్మగారు ప్యాకెట్ చేతిలోకి తీసుకుని తేదీ చదివింది. ఒకసారి పెయ్-రూ వంక చూసింది. "దీన్ని ఈ సాయంత్రమే ఇంటికి పంపించెయ్," అని ప్యాకెట్‌ను బల్లమీద పడేసి దిగి వెళ్ళిపోయింది.

పెయ్-రూకు మతిపోయింది. సర్వర్ మీది ప్యాకెట్‌ను ఆ వారమే స్వయంగా మార్చింది తను. తేదీ రెండుసార్లు చూసింది కూడా.

"కొత్తది నా సొరుగులో ఉంది, తెచ్చి పెట్టు," అన్నాడు బాబాయ్, ఆమె వైపు చూడకుండానే.

సొరుగు లాగితే తను కొన్న ప్యాకెట్ పైనే ఉంది. దాని కింద గడువు తీరినవి, మూల నలిగినవి, రకరకాల నేరస్థులు వరసగా పడుకుని ఉన్నాయి. ఏ తప్పుకు ఏది అక్కరకొస్తుందో అని ఆయన జాగ్రత్తగా దాచిపెట్టుకున్నవి. పెయ్-రూకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. బాబాయ్‌ను చాదస్తుడనుకున్నందుకు తనను తానే తిట్టుకుంది.

పండుగ గడిచింది. ముసలమ్మ వ్యాను సరుకులో వీధివాళ్ళు తిన్నది పోగా మిగతాది తిరిగిచ్చింది. కానీ పెయ్-రూకు మనసు ఆగలేదు. హుంగ్ అమ్మగారి గదికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది.

"అమ్మగారూ, ఆ రోజు తప్పు ప్యాకెట్‌ది కాదు."

"అబ్బో, పెద్ద వార్తే!" అంది అమ్మగారు వెదురాకులు తుడుస్తూ. "రోజుకు వెయ్యి పొట్లాలు కట్టించేదాన్ని, తేదీ చదవడం రాదా నాకు? ఆ ప్యాకెట్‌ను పోయిన ఏడు పండక్కి కూడా చూశాను."

"మరి నన్ను..."

"దేవుడి ముందు ఒట్టేశాను కదా, ఎవరో ఒకరిని పంపాలి. షుయ్-మూ ప్యాకెట్‌ను పంపాడు. ఒట్టూ నిలిచింది, పిల్లా నిలిచింది." అమ్మగారు కాస్త గొంతు తగ్గించింది. "మొన్న ఆర్డర్లన్నీ ఒకేసారి అడిగి సర్వర్‌ను చంపేసింది నేనేనని నాకు తెలియదనుకున్నావా? ఆ రోజు వాడు నా పేరు చెప్పి ఉంటే ఈ ముఖం ఎక్కడ పెట్టుకునేదాన్ని?"

హుంగ్ అమ్మగారు బల్ల కింది నుంచి ఒక ఆకుపచ్చ ప్యాకెట్ తీసి ఆమె చేతిలో పెట్టింది. నిగనిగలాడుతోంది. వచ్చే ఏడాది దాకా గడువుంది.

"సర్వర్ మీద పెట్టమంటారా?"

"పిచ్చిదానా, సర్వర్‌కు వాడున్నాడు. ఇది నీ సొరుగులో దాచుకో. నీ కిందకూ రేపెవరో పిల్లలు వస్తారు. అప్పటికి అది బాగా పాతబడాలి."