కసోండే పేరే పాస్‌వర్డ్

మా కిట్వే ఊరి మార్కెట్లో ప్రిస్కాని ప్రిస్కా అని పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె "కసోండే వాళ్ళమ్మ". మాలో తొలిబిడ్డ పుడితే తల్లి పేరు పోతుంది. ఆ కసోండే మీసాలు రాకముందే కఫూయే నదిలో మునిగిపోయాడు. పేరు మాత్రం ఆమెకి మిగిలింది.

ఆమె జడలు అల్లేది. చేతులకి నూనె ఉన్నప్పుడు ఫోను మోగితే, దగ్గర ఎవరుంటే వాళ్ళతో, "కాస్త తెరిచి చూడవే! కసోండే అని కొట్టి, దాని పక్కన వాడు పుట్టిన సంవత్సరం కొట్టు" అని అరిచేది. ఫోనుకీ, ఫేస్‌బుక్‌కీ, మెయిలుకీ అదే.

ఆమె అన్న కూతురు లోంబే కంప్యూటర్లు నేర్పుతుంది. ఎన్నోసార్లు చెప్పి చూసింది.

"అత్తా, ఊరంతా పిలిచే పేరే పాస్‌వర్డా? పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టిస్తా. ఒక్కో ఖాతాకీ ఒక్కోటి అదే తయారుచేసి దాస్తుంది. నువ్వు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు."

"వాడి పేరు తీసేసి పిచ్చి అక్షరాలు పెట్టమంటావా? వాడి పేరు రాసుకోవడానికి నాకింకెక్కడుందే చోటు?"

పక్క కొట్టు రెజీనా ప్రిస్కా దగ్గరే పని నేర్చుకుంది. ఓ పెద్దింటి పెళ్ళికూతురు తనని కాదని ప్రిస్కా దగ్గరికి జడలకి వెళ్ళడంతో కడుపు మండిపోయింది. పైకి మాత్రం, "నీ పనితనం నాకెక్కడిది అక్కా" అంది.

ఆ శనివారం ప్రిస్కా పేరుతో ఫేస్‌బుక్‌లో రాతలు వచ్చాయి. ఎవరికి నడినెత్తిన జుట్టు ఊడింది, ఎవరు విగ్గు కింద పుండ్లు దాస్తున్నారు, ఎవరిని మొగుడు జుట్టు పట్టి ఈడ్చాడు. అన్నీ నిజాలే, ఆమె కుర్చీలో కూర్చుని చెప్పుకున్నవే. అందుకే తను రాయలేదని ఆమె వేసిన ఒట్లు ఎవరూ నమ్మలేదు.

దెబ్బలు తిన్న ఇల్లాలు వచ్చి నూనె డబ్బా ఆమె మొహాన కొట్టింది. "నీ కొడుకు ఊరికే పోలేదే! నీ కడుపున పుట్టినందుకు పోయాడు!"

లోంబే పరుగున వచ్చి పాస్‌వర్డ్ మార్చింది. తర్వాత మెయిలు తెరిచింది. కసోండే ఫోటోలు, వాడు ఒంటరిగా పాడుకున్న పాటలు అందులోనే ఉండేవి. ఒక్కటీ లేదు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేశారు. కంపెనీకి రాస్తే తిరిగి తేలేమన్నారు. ఆ ఖాతాలోకి చొరబడిన ఫోను పేరు మాత్రం కనిపించింది: "రెజీనా".

ప్రిస్కా పక్క కొట్టుకి వెళ్ళింది. "నా పొట్ట కొట్టావు, సరే. వాడి పాటలేం చేశాయే నిన్ను? పిన్నీ పిన్నీ అని తిరిగేవాడు కదే!"

రెజీనా దువ్వెన ఆపలేదు. "నేనేమన్నా తాళం పగలగొట్టానా అక్కా? బజారంతా వినేలా అరిచింది నువ్వే."

కుర్చీలో కూర్చున్నామె పకపకా నవ్వింది.

ఆ వారమే లోంబే పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టించింది. "సంబంధం లేని నాలుగు మాటలు కలిపి రాయి. నాకు కూడా చెప్పకు." ప్రిస్కా గోడవైపు తిరిగి రాసింది. అన్ని ఖాతాలకీ కొత్తవి పడ్డాయి.

"ఇప్పుడు ఎవరూ రాలేరు అత్తా."

"వచ్చినా ఏముందే ఎత్తుకుపోవడానికి?"

వాడు చర్చిలో పాడేవాడు కనక ప్రిస్కా అక్కడి గాయకుల్ని వాడి పాటలేమన్నా ఉన్నాయా అని అడిగింది. వాళ్ళ దగ్గర గుంపుగా పాడినవే ఉన్నాయి. వాటిలో వాడి గొంతు విడిగా వినపడదు.

మొన్న మా వాకిట్లో కూర్చుని కపెంటా అనే చిట్టి ఎండుచేపలు ఏరుతూ నన్నడిగింది. "నువ్వు పక్కింటిదానివి, రోజూ విన్నావు. వాడి గొంతు సన్నగా ఉండేదా, కాస్త బొంగురా?"

నాకు గుర్తు రాలేదు. సన్నగానే ఉండేదన్నాను.

"అవునా?" అంది. "నేను బొంగురనుకుంటున్నా."