గుమ్మడి బరువు, నా తీసివేత

ఒక్క తీసివేత తప్పితే ఒక పిల్లికి పస్తు, ఒక మనిషికి పరువు నష్టం ఎట్ల జరిగినాయో చెబుతాను. ఆ మనిషి నేనే. బడిలో ఎనిమిది దాటలేదు గానీ లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. తర్లుపాడులో నా లెక్కకు తిరుగులేదని అందరూ అనేవాళ్లు. అందరికంటే ఎక్కువసార్లు నేనే అనేవాణ్ని.

మా పిల్లి పేరు గుమ్మడి. ఆకారమూ అదే. నడిస్తే పొట్ట నేల ఊడ్చేది. మార్కాపురంలో పశువుల డాక్టరు చూసి, "ఆరున్నర కిలోలుంది. ఐదున్నరకు దించు, లేకుంటే గుండెకు ముప్పు" అన్నాడు.

ఇంట్లో మనుషుల తూకం మిషన్ ఉంది. పిల్లి దానిమీద నిలవదు. అందుకని మొదటిరోజు నేనొక్కణ్నే ఎక్కినాను: డెబ్బై. ఆ అంకె పలకమీద రాసిపెట్టి, ప్రతి ఆదివారం పిల్లిని ఎత్తుకుని ఎక్కి, వచ్చినదాంట్లో డెబ్బై తీసేసేవాణ్ని. దాని తిండి సగం కోసినాను. మిగిలిన పాలన్నం పారేయడమెందుకని నేనే తినేవాణ్ని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు.

అంతవరకు నన్ను అద్దెకున్నవాడిలా చూసిన పిల్లి ఒక్కసారిగా కాళ్లకు చుట్టుకుంది. ఒళ్లోకి ఎక్కింది. స్నానానికి పోతే తలుపు బయట కాపలా కాసింది.

"చూసినావా, నేనంటే ఎంత ప్రేమో!"

"ప్రేమ కాదయ్యా, ఆకలి" అంది నా భార్య రమణమ్మ.

మూడో ఆదివారం లెక్కలో పిల్లి ఏడు కిలోలు! ఇంకొంచెం కోసినాను. ఆరో ఆదివారం ఎనిమిది! పిల్లేమో అన్నం గిన్నె మూతమీదే కాపురం పెట్టింది.

"ఎక్కడో దొంగతిండి తింటోంది."

"ఏందయ్యా నీ లెక్క? ఎముకలు చేతికి తగులుతుంటే!"

"ఎముకలు అబద్ధం చెప్పొచ్చు. పలక చెప్పదు."

రమణమ్మ పిల్లిని సంచిలో, నన్ను ఆటోలో వేసుకుని డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన సంచిని త్రాసుకు తగిలించి ఉలిక్కిపడినాడు. "ఐదే! ఎందుకింత ఎండబెట్టినావు?"

గర్వంగా పలక చూపించినాను.

"ఈ డెబ్బై ఎప్పటిది?"

"మొదటిరోజుది సార్."

"పోయి ఆ గొర్రెల్ని తూచే మిషన్ ఎక్కు."

ఎక్కినాను. డెబ్బైమూడు.

"పెరిగిన పిల్లివి నువ్వే" అన్నాడు డాక్టరు. దాని తిండి దానికిచ్చి, నా తిండి సగం కోసినాడు.

వారం తిరక్కుండానే నేను వంటింట్లో రమణమ్మ వెనకే తిరుగుతున్నాను.

"ఏందయ్యా, ప్రేమనా?"

"ప్రేమే" అన్నాను, పప్పుగిన్నె వైపు చూస్తూ.

గుమ్మడి పాలన్నం నాకుతూ, నన్ను మళ్లీ అద్దెకున్నవాడిలా చూసింది.

అందుకే పలకమీద చెయ్యిపెట్టి ఒట్టేస్తున్నాను: బతికినన్నాళ్లు ఎవరి బరువు తూచినా, ముందు నా బరువు తూచుకుంటాను. అది కూడా పాలన్నం తినకముందే.