రఘు పేరు మీద మాట్లాడిన ఉర్దూ

పార్సిప్పనీలోని ఆ అపార్ట్‌మెంట్లలో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ళలో సగం మంది తేజేశ్వర్ గొంతు పుణ్యాన గట్టెక్కినవాళ్ళే. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో కాలేజీకి దండం పెట్టి బయటపడ్డ మనిషి. భార్య పద్మజ హెచ్-వన్ వీసా పట్టుకుని డిపెండెంట్‌గా అమెరికా వచ్చాడు. ఉద్యోగం చేసే పర్మిషన్ లేదు. అందుకని వంటింట్లో నిలబడి, ఒక చేత్తో ఉల్లిపాయలు వేయిస్తూ, ఎవరెవరి పేర్లో చెప్పుకుని ఫోన్ ఇంటర్వ్యూలు ఇచ్చిపెట్టేవాడు. జావా రాదు, ధైర్యం మాత్రం దండిగా ఉంది. ఒకసారి అవతలి మేనేజర్ ఇతని జవాబులకు దిమ్మతిరిగి, తన కుర్చీలోకే వచ్చి కూర్చోమని బతిమాలాడట. ఆ మాట చెప్పింది తేజేశ్వరే కనుక సగం కొట్టేసి, మిగిలిన సగంలో మళ్ళీ సగం నమ్మాలి.

వాళ్ళ పై ఫ్లోర్‌లో రఘు, అతని భార్య త్రివేణి ఉండేవారు. రఘుది నరసాపురం. పార్కింగ్‌లో ఎవరి కారు మీదైనా అతని నీడ పడితే సారీ చెప్పే రకం. గ్రీన్ కార్డు లైన్‌లో నిలబడ్డాడు కానీ, ఆ లైన్ కదిలే తీరు చూస్తే కార్డు అతని మునిమనవడి షష్టిపూర్తికి చేతికొచ్చేలా ఉంది. 2015లో ఒక సంగతి చెవిన పడింది. తమకు కావలసిన భాష వస్తే, వీసా మీద ఉన్నవాళ్ళను కూడా అమెరికా సైన్యంలోకి తీసుకుంటున్నారు, ట్రైనింగ్ పూర్తయ్యేసరికి సిటిజన్‌షిప్ ఇస్తున్నారు. వాళ్ళకు కావలసిన భాషల్లో ఉర్దూ ఉంది.

"నాకు ఉర్దూ ఎక్కడిదిరా? హిందీ సినిమా అయినా కింద ఇంగ్లీషు చదువుకుంటూ చూస్తాను" అన్నాడు రఘు.

"నీకెందుకు రా భయ్? నాకొస్తది గదా! పాతబస్తీల, యాకుత్‌పురాల పుట్టినోణ్ణి. నేను ఉర్దూ మాట్లాడితే నవాబులు సమాధుల్లకెల్లి లేచి సలాం కొడ్తరు" అన్నాడు తేజేశ్వర్.

పరీక్ష ఫోన్‌లో అరగంట. దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించవలసిన రిక్రూటర్, మంచు పడుతోందని, ఇంటినుంచే కానివ్వమన్నాడు. తేజేశ్వర్ రఘు అయ్యాడు. అవతలి పెద్దాయన ఊరు, పంట, పెళ్ళి, చావు అన్నిటి గురించీ అడిగాడు. తేజేశ్వర్ లేని మేనమామను పుట్టించి, పెంచి, చంపి, ఏడ్చి వినిపించాడు. నిండా మార్కులు పడ్డాయి. పక్కనే కూర్చున్న రఘు ముఖం తుడుచుకుంటూ, "పాపం రా, అంత పెద్దాయన్ని మోసం చేశాం" అన్నాడు. వాళ్ళ కన్సల్టెన్సీ లోకంలో అదొక మోసమని ఎవరూ అనుకునేవారు కారు. ఇంటర్వ్యూ ఒకరు ఇస్తారు, పని ఇంకొకరు నేర్చుకుంటారు, ఆర్నెల్లలో అంతా సర్దుకుంటుంది. ఇదీ అంతేననుకున్నారు.

రెండేళ్ళు అలాగే సర్దుకుంది. రఘు సిటిజన్ అయ్యాడు. దుప్పట్లు, బూట్లు లెక్కపెట్టే స్టోర్స్‌లో పడ్డాడు. తర్వాత అఫ్ఘానిస్తాన్‌లో యుద్ధం మళ్ళీ ముదిరింది. తగ్గించుకుంటూ వచ్చిన సైన్యాన్ని మళ్ళీ పెంచారు. మొదట పెద్ద క్యాంపులో కూర్చుని అక్కడి సైనికులకు శిక్షణ మాత్రమే ఇస్తామన్నారు. రఘు వెళ్ళింది అప్పుడే. త్రివేణి భయపడితే తేజేశ్వర్ నవ్వేశాడు.

"చెల్లె, ఆ గోడ ఎంత మందమో ఎరికేనా? ఈ దిక్కు తుమ్మితే ఆ దిక్కు వినపడాల్నంటే రెండ్రోజులు పడ్తది. తాలిబాన్లు లోపలికి రావాల్నంటే అపాయింట్‌మెంట్ తీసుకోవాలె."

"మీరూ, మీ కోతలూ" అని ఆమె కూడా నవ్వింది. నవ్వుతోందంటే నమ్మినట్టేనని తేజేశ్వర్‌కు తెలుసు.

కొన్నాళ్ళకు శిక్షణ చాలదన్నారు. సలహాదార్లు చిన్న చిన్న దళాలతో కలిసి బయటికి వెళ్ళాలన్నారు. పగలు పొలం దున్నుతూ కనిపించినవాడే చీకటి పడ్డాక తుపాకీ తీసే చోట, ఎవరు ఎవరో తెలియాలంటే ఊళ్ళో జనంతో మాట్లాడాలి. దుబాసీలు చాలలేదు. ఆ ఊళ్ళలో, సరిహద్దు అవతల పాకిస్తాన్ శరణార్థి శిబిరాల్లో పెరిగివచ్చినవాళ్ళకు ఉర్దూ వచ్చు. ఎవరో కాగితాలు తిరగేశారు. స్టోర్స్‌లో ఉన్న రఘు పేరు పక్కన ఉర్దూ, నిండా మార్కులు కనిపించాయి.

ఆ ఉదయం పద్మజను ఆఫీసులో దింపి వస్తున్న తేజేశ్వర్‌కు వీడియో కాల్ వచ్చింది. కారు పక్కకు తీసి ఆపాడు. అక్కడ సాయంత్రం. రఘు ముఖం నిండా దుమ్ము.

"ఒరే, నన్ను ముందు వరుసలో ఉన్న చిన్న బేస్‌కి పంపుతున్నారు. వారానికి మూడు ఊళ్ళు. నేను మాట్లాడాలంట. నిజం చెప్పేద్దామా?"

తేజేశ్వర్ జీవితంలో మొదటిసారి మాటకు ముందు లెక్క వేసుకున్నాడు. చెబితే రఘు సిటిజన్‌షిప్ పోతుంది, ఇంకా ఏమైనా కావచ్చు. ఫోన్‌లో మాట్లాడింది ఎవరని ఆరా తీస్తారు. పద్మజ వీసా, ఈ కారు, ఈ బతుకు, అన్నీ ఆ ఒక్క ప్రశ్న వెనకాలే పోతాయి.

"ఎంతకాలం ఉండాలె?"

"నాలుగు నెలలు."

"గంతేనా! నాలుగు నెలల్ల నిన్ను గాలిబుకు గురువుని చేస్తా. రాసుకో."

రఘు రాసుకున్నాడు. రోజూ ఉదయం పద్మజను దింపి వస్తూ, అదే చోట కారు ఆపి, స్టీరింగ్ మీద ఫోన్ ఆనించి తేజేశ్వర్ పాఠం చెప్పేవాడు. నీళ్ళున్నాయా, పిల్లలు బాగున్నారా, ఈ దారిలో కొత్తవాళ్ళు ఎవరైనా వచ్చారా. రఘు తెలుగు అక్షరాల్లో రాసుకుని, నరసాపురం యాసలో అప్పజెప్పేవాడు. తేజేశ్వర్ పగలబడి నవ్వేవాడు. "అట్ల అడిగితే వాళ్ళు నీకు చేపల పులుసు పెడ్తరు రా!" మొదటి నెల రఘు కూడా నవ్వాడు. రెండో నెలలో నవ్వులు తగ్గి ప్రశ్నలు పెరిగాయి. "'మీ అబ్బాయి మావల్ల చనిపోలేదు' అని ఎలా చెప్పాలిరా?" అని అడిగాడొకసారి. తేజేశ్వర్ చెప్పాడు. రఘు రాసుకున్నాడు. ఆ వాక్యం ఎందుకు అవసరపడిందని ఇద్దరూ మాట్లాడుకోలేదు.

మూడో నెలలో, ఊరికి వెళ్ళే మట్టిరోడ్డు మీద బాంబు పేలింది. ముందు బండిలో దుబాసీ కూర్చునే సీటు రఘుది.

యూనిఫామ్‌లో ఇద్దరు వచ్చి తలుపు తట్టినప్పుడు త్రివేణి మొదట పిలిచింది తేజేశ్వర్‌నే. "అన్నయ్యా, వీళ్ళేదో అంటున్నారు, మీరొచ్చి మాట్లాడండి" అంది. అందరి తరఫునా మాట్లాడేవాడు అతనే కదా. మెట్లెక్కి వెళ్ళాడు.

అంత్యక్రియలయ్యాక ఒక కెప్టెన్ త్రివేణి ముందు మోకాలి మీద కూర్చుని మడిచిన జెండా ఇచ్చి, రఘు గురించి చెప్పాడు. అక్కడి ఊళ్ళలో ముసలివాళ్ళు అతని కోసం ఎదురుచూసేవారట. అతని ఉర్దూ విని నవ్వేవారట, కానీ అతను అడిగితేనే జవాబు చెప్పేవారట. త్రివేణి ఆ మాటల్ని ఇంటికి తెచ్చుకుని, వారం రోజులు వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. ఎనిమిదో రోజు తేజేశ్వర్‌ను అడిగింది.

"ఆయనకి అంత ఉర్దూ ఎప్పుడొచ్చింది అన్నయ్యా? నాకెప్పుడూ చెప్పలేదే."

తేజేశ్వర్ సోఫా అంచున కూర్చున్నాడు. "వాడికి రాదు చెల్లె. పరీక్ష నేనిచ్చిన, వాడి పేరు మీద. అది చూసే వాణ్ణి ఊళ్ళకు పంపిన్రు. చెప్పేద్దామా అన్నడు. నేనే వద్దన్న. నావల్లనే పోయిండు."

త్రివేణి తలెత్తి చూసింది. ఆ కళ్ళలో కోపం వస్తే బాగుండునని అతను ఎదురుచూశాడు. రాలేదు. అలిసిపోయిన నవ్వొకటి వచ్చింది.

"ఇది కూడా మీరేనా అన్నయ్యా? ఈ బిల్డింగ్‌లో అందరి ఉద్యోగాలూ మీరే తెప్పించారు, సరే. ఈ ఒక్కటైనా ఆయనకి వదిలెయ్యండి."

"ఒట్టు చెల్లె, పద్మజ మీద ఒట్టు."

"నా బాధ తేలిక చెయ్యాలని చూస్తున్నారు. నాకు తెలుసు. కోపం తెచ్చుకోవడానికి నాకొక మనిషి ఉంటే బాగుంటుందని, మీరే నింద వేసుకుంటున్నారు." ఆమె జెండా ఉన్న పెట్టె అంచు మీద దుమ్ము తుడిచింది. "ఆయన ఉర్దూ మీరు విన్నారా ఎప్పుడైనా? ఎలా మాట్లాడేవారు?"

తేజేశ్వర్ గొంతు సవరించుకున్నాడు.

"మస్తుగ మాట్లాడేటోడు, చెల్లె" అన్నాడు.