మొప్ప ఎత్తి చూసినందుకు

శిక్షణలో నాలుగో రోజు చేతి తొడుగు తీసి, ట్రేలో ఉన్న చేప మొప్ప ఎత్తి వాసన చూశాను. బెల్టు ఆగిపోయింది. సూపర్‌వైజరు వచ్చి నన్ను పక్కన నిలబెట్టి, ఆ ట్రే మొత్తం చెత్త పారేసే ఎర్ర డబ్బాలో బోర్లించింది. అరవలేదు. నా వైపు చూడలేదు కూడా.

అది నార్వేలో ఒక చిన్న రేవు. ఫిషరీస్ కోర్సు చివర ఆరు నెలలు అక్కడి చేపల ఫ్యాక్టరీలో శిక్షణ. మా కాలేజీ నుంచి ఇద్దరం వెళ్లాం. నేను సముద్రం ఒడ్డున ఉన్న భావనపాడు నుంచి, నా గదిలో ఉన్న అమ్మాయి బొబ్బిలి పక్క వరి పండించుకునే ఇంటి నుంచి. నాకు కావలసింది ఒక్కటే, నాణ్యత పరీక్ష బల్ల దగ్గర చోటు. అక్కడ పనిచేసినట్టు శిక్షణ పత్రంలో రాసి ఉంటేనే మన ఎగుమతి కంపెనీల ల్యాబుల్లో లోపలికి రానిస్తారు. మొదటి వారం మా పని చూసి, ఇద్దరిలో ఆ బల్ల ఎవరికో చెబుతామన్నారు.

మొదటి మూడు రోజులు చేతులు కడుక్కోవడం నేర్పారు. ఏ రంగు బూటుతో ఏ గీత దాటకూడదో వీడియోలు వేసి చూపించారు. నాకిచ్చిన బూట్లు రెండు సైజులు పెద్దవి. మార్చమని అడిగితే రాసుకున్నారు, మార్చలేదు. చేప గురించి మాకేం తెలుసో మాత్రం ఎవరూ అడగలేదు.

మా అమ్మ చేపలమ్ముతుంది. పొద్దున్నే పడవ ఒడ్డెక్కగానే ధర మాట ఎత్తకముందే బొటనవేలితో మొప్ప లేపి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. ఆమె గంప దగ్గరకొచ్చినవాళ్లూ అంతే. చెయ్యి పెట్టనివ్వని మనిషి దగ్గర మా వైపు ఎవరూ చేప కొనరు. నా చెయ్యి కూడా ఆ అలవాటులోనే పెరిగింది.

ఆ రోజు బెల్టు మీదకు వచ్చినవి మన కానాగంతలకు దగ్గరి చుట్టాల్లాంటి చేపలు. మొప్ప ఎర్రగా ఉండాలి. పాలిపోయి ఇటుక రంగులో ఉంది. పులిసిన వాసన వేసింది. ఇది పాత సరుకని సూపర్‌వైజరుకు చెప్పాను. థర్మామీటరులో చేప చల్లదనం సరిగ్గానే ఉందని ఆమె అంది. వాసన చూసే పని పరీక్ష బల్లదనీ, బెల్టు దగ్గరున్న ట్రైనీది కాదనీ చెప్పింది. నేను ముట్టుకున్న ట్రే డబ్బాలోకి పోయింది. అదే సరుకులోని మిగతా పెట్టెలు ముందుకు కదిలాయి.

సాయంత్రం జరిగినదంతా కాగితం మీద రాయించుకున్నారు. నేను ఒట్టి చేత్తో చేపను తాకినట్టు బెల్టు దగ్గర నా పక్కనే ఉన్న గదిలోని అమ్మాయి సాక్షి సంతకం పెట్టింది. మొప్ప రంగు గురించి అందులో ఒక్క మాట లేదు. గదికొచ్చాక ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నాను సూసిందానికే సంతకం ఎట్టాను. వాసన నాను సూళ్లేదు కదే," అంది, ఉల్లిపాయ తరుగుతూ. తర్వాత నా పళ్లెంలో కూడా అన్నం పెట్టింది. పరీక్ష బల్ల ఆమెకే వచ్చింది. నాకు పెట్టెలు కడిగే పని ఇచ్చారు, ఆరు నెలలూ.

అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఓదార్చలేదు.

"సెయ్యెట్టకుండా సేప సంగతి ఆళ్లకెలా తెలుస్తాదే?" అంది. మళ్లీ తనే, "నువ్వు ముట్టింది పారబోసీసినారు. మరి మిగతాయి ఎవులు తిన్నారు?" అని అడిగింది.

తర్వాత నేను ఏ ల్యాబు ఉద్యోగానికీ వెళ్లలేదు. జిల్లాలో ఒక పత్రిక డెస్కులో చాలా ఏళ్లు వార్తలు దిద్దాను. ఎవరేం చూశారో, ఆ చూసినదాంట్లో ఏది రాయకుండా వదిలేశారో వెతకడమే అక్కడ నా పని. ఆ సాక్షి కాగితం నకలు ఇంకా నా దగ్గరుంది. అందులో రాసినవన్నీ నిజాలే.

శిక్షణ పత్రంలో నాణ్యత పరీక్షకు ఎదురుగా అడ్డగీత ఒకటి ఉంది. నార్వే నుంచి తిరిగొచ్చే ముందు, ఆ రోజు పెట్టెలు ఎక్కడికి వెళ్లాయని అడుగుతూ ఫ్యాక్టరీకి ఉత్తరం రాసిచ్చాను. అందినట్టు సంతకం చేసి తీసుకున్నారు. జవాబు రాలేదు.