కుడి సీట్లో కూర్చున్నవాడి నోరు

1982 అక్టోబర్. విస్కాన్సిన్ రాష్ట్రంలో మొక్కజొన్న చేల మధ్య ఒక రేస్‌ట్రాక్. వారంలో ఐదు రోజులు నేను షికాగో శివారు నేపర్‌విల్ దగ్గర ఒక బ్రేకుల కంపెనీలో టెస్ట్ ఇంజనీరుని. శని, ఆదివారాలు రెండున్నర గంటలు డ్రైవ్ చేసుకుని ఈ ట్రాక్‌కి వచ్చి, అక్కడి డ్రైవింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసేవాణ్ణి. రేస్‌ట్రాక్ అనగానే మనవాళ్ళు ప్రాణాలతో చెలగాటం అనుకుంటారు. నిజానికి మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి రేసుల గొడవే లేదు. జోరుగా పోతున్న కారు చేయి దాటితే దాన్ని మళ్ళీ ఎలా దారికి తెచ్చుకోవాలో నేర్చుకోవడానికి వచ్చేవారు.

ఇన్‌స్ట్రక్టర్ పని ఏమిటో చెప్తాను. స్టూడెంటు ఎడమ సీట్లో స్టీరింగ్ పట్టుకుంటాడు. మనం కుడి సీట్లో హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటాం. మన కాళ్ళ దగ్గర బ్రేక్ ఉండదు, చేతుల్లో ఏమీ ఉండదు. ఉన్నదల్లా నోరు. ఇంజను హోరులో, రెండు హెల్మెట్లు దాటి వినబడేలా గొంతు చించుకోవాలి. అప్పటికి ఆరేళ్ళుగా చించుకుంటున్నాను. నా నోటి మీద నాకు అంతులేని నమ్మకం.

ఆ శనివారం పొద్దున మా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ రే, లిస్టులో ఒక పొడుగాటి పేరు చూసి, "మీవాళ్ళే" అంటూ కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఇండియాలో ఉన్న కోట్ల మందీ నా చుట్టాలేనా అని ఒళ్ళు మండింది. తీరా పార్కింగ్‌లోకి వెళ్తే, ఆ వచ్చిన భార్యాభర్తల్లో భర్త ఐదు నిమిషాల్లో మాది కాకినాడ అని రాబట్టి, మా పిన్ని కొడుకు కాలేజీలో తనకి జూనియర్ అని తేల్చేశాడు. రే మాటే నిజమైనందుకు ఇంకాస్త మండింది.

ఆయన పేరు విశ్వనాథం, వంతెనలు కట్టే కంపెనీలో సివిల్ ఇంజనీరు. నేర్చుకోవలసింది ఆయన కాదు, ఆయన భార్య డాక్టర్ సుశీల. ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ఎనస్థీషియా డాక్టరు, అంటే ఆపరేషన్‌కి ముందు మత్తిచ్చే డాక్టరు. కిందటి చలికాలం మంచు మీద కారు గిర్రున తిరిగి ఫ్రీవే మీద వచ్చే దారికీ పోయే దారికీ మధ్య ఉండే గోతిలో పడింది. దెబ్బలు తగల్లేదు గానీ ఆవిడ స్టీరింగ్ ముట్టుకోవడం మానేసింది. అప్పటినుంచీ ఆసుపత్రివాళ్ళు రమ్మని పిలవడానికి ఇచ్చిన బీపర్ మోగినప్పుడల్లా భర్తే ఆసుపత్రికి దింపుతున్నాడు. ఈమధ్య ఆయన ఊళ్ళో లేనిరోజు అర్జెంటు సిజేరియన్ వచ్చింది. టాక్సీ దొరికి ఈవిడ చేరేసరికి గంటయింది. బిడ్డ బతికింది, అదృష్టం. మర్నాడు పెద్ద డాక్టరు పిలిచి, డిసెంబర్ నుంచి అరగంటలో తనంతట తాను రాగలిగితేనే ఉద్యోగం, లేకపోతే వేరే మనిషిని చూసుకుంటామని చెప్పేశాడట. ఇదంతా విశ్వనాథం గారే చెప్పాడు. ఆవిడ పక్కన నిలబడి వింది.

మొదటి పాఠం స్కిడ్ ప్యాడ్. పెద్ద గుండ్రటి తారు మైదానం, దానిమీద ట్యాంకర్‌తో నీళ్ళు కొడతారు. వెనక టైర్లు కావాలనే అరిగిపోయినవి వేసిన స్కూలు కారులో అక్కడ గుండ్రంగా తిరుగుతాం. కాసేపటికి కారు తోక బయటికి జారుతుంది. అప్పుడు చెయ్యాల్సింది చాలా తక్కువ. యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేసి, వెళ్ళాలనుకున్న వైపు చూసి, స్టీరింగ్ అటే తిప్పాలి. చెయ్యకూడనిది ఒక్కటే, బ్రేక్. చక్రం తిరుగుతున్నంతసేపే స్టీరింగ్ మాట వింటుంది. బ్రేక్‌తో బిగుసుకుపోయిన చక్రం తడి బాత్రూంలో సబ్బుబిళ్ళ లాంటిది, దాని దారి దానిదే.

ఇదంతా పొద్దున క్లాసులో బోర్డు మీద గీసి మరీ చెప్పాను. ఆవిడ నోట్సు రాసుకుంది. నేనడిగిన ప్రశ్నలన్నిటికీ నాకంటే బాగా జవాబు చెప్పింది. ప్యాడ్ మీదికి వెళ్ళాం. తోక జారింది. "మెల్లగా, మెల్లగా, అటు చూడండి" అన్నాను. ధనామని బ్రేక్. కారు రెండు చుట్లు తిరిగింది.

మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ బ్రేకే. కంచె అవతల నిలబడ్డ విశ్వనాథం గారు కొంప మునిగినట్టు రెండు చేతులూ ఊపుతూ "బ్రేకూ, బ్రేకూ" అని కేకలు. ఇదన్నమాట సంగతి అనుకున్నాను. కారు దిగి వెళ్ళి, ఇక్కడ నిలబడకూడదండీ, ఇన్సూరెన్స్ రూల్ అని ఉన్నదీ లేనిదీ కల్పించి ఆయన్ని క్యాంటీన్‌కి పంపేశాను. ఆయన వెళ్తూ వెళ్తూ, మీరున్నారన్న ధైర్యంతో వెళ్తున్నాను, మా ఆవిడ చాలా భయస్తురాలు, జాగ్రత్త అని అప్పగింతలు పెట్టాడు.

ఆయన వెళ్ళాక కూడా బ్రేకే. ఆరోసారి, ఏడోసారి, పదోసారి. ఏం చెప్పను, తల ప్రాణం తోకకొచ్చింది. తెలుగువాణ్ణి దొరికాను కదా, అమ్మ భాషలో నచ్చజెప్తే ఎక్కుతుందని, ఉన్న ఓపికంతా కూడగట్టుకుని "భయపడకండమ్మా, మెల్లగా, నేనున్నాగా, చూసుకోండి" అంటూ గడ్డం పట్టుకుని బతిమాలినట్టు చెప్పాను. నేను ఎంత బుజ్జగిస్తే ఆవిడ అంత గట్టిగా తొక్కేది. నీళ్ళ ట్యాంకర్ డ్రైవరు మమ్మల్ని చూడటం మానేసి పేపరు చదువుకుంటున్నాడు.

పన్నెండోసారి నాకు కోపం నషాళానికంటింది. ఆడమనిషి, పైగా డాక్టరు, తిట్టలేను. చేతులు కట్టుకుని, అలిగిన పెళ్ళికొడుకులా మూతి ముడుచుకుని కూర్చున్నాను. కారు ఎటు పోతే నాకేం, గోతిలో పడితే పడనీ అనుకున్నాను. తోక జారింది. నేను పలకలేదు. ఆవిడ తల పక్కకి తిరిగింది, చేతులు తిరిగాయి, కారు ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని బుద్ధిగా నిలదొక్కుకుంది. బ్రేక్ వెయ్యలేదు. గాలివాటం అనుకుని ఇంకా అలిగే ఉన్నాను. మళ్ళీ అలాగే పట్టుకుంది. మూడోసారి కూడా. సంతోషించాలి కదా, ఇంతసేపు నన్నెందుకు చంపుకుతిన్నట్టని ఇంకా కోపమొచ్చింది నాకు.

కారు ఆపించి హెల్మెట్ తీసి, ఇప్పుడెలా వచ్చిందండీ మీకు అని అడిగాను.

ఆవిడ తన హెల్మెట్ కూడా తీసింది. "మీరు మాట్లాడలేదు కదండీ" అంది.

నాకు అర్థం కాలేదు. పొద్దున్నించీ మాట్లాడుతున్నది మీకు నేర్పడానికే కదా అన్నాను.

"మీరు బాగానే చెప్తున్నారు మూర్తిగారూ. కానీ డ్రైవింగ్ నేర్చుకున్న దగ్గర్నుంచి మానేసేదాకా నాలుగేళ్ళపాటు ఈ పక్క సీట్లోంచి మా ఆయన మెల్లగా, మెల్లగా అంటూనే ఉన్నారు. ఆ మాట చెవిన పడితే కాలు దానంతటదే బ్రేక్ మీదికి పోతుంది. ఆయన పక్కనుంటే బ్రేక్ ఆయనదండీ. కాలు మాత్రమే నాది." మళ్ళీ తనే, "ఆ రోజు మంచు మీద కూడా ఆయన పక్కనే ఉన్నారు" అంది.

విశ్వనాథాన్ని క్యాంటీన్‌కి తోలేసి, ఆయన సీట్లో నేను కూర్చుని, ఆయన మాటలే ఆయనకంటే ముద్దుగా పలుకుతున్నానన్నమాట. బ్రేకుల మీద జీతం తీసుకునే ఇంజనీరుని, ఆ బ్రేక్ తొక్కిస్తున్నది నా గొంతేనని పన్నెండుసార్లు తిరిగినా తెలుసుకోలేకపోయాను. సిగ్గేసింది.

ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. మధ్యాహ్నం అసలు ట్రాక్ మీద నేను నోరు విప్పను. అరచెయ్యి ఎత్తితే మలుపు ముందు బ్రేక్ వెయ్యాలి. వేలు చూపిస్తే అటు చూడాలి. అంతే. ఏదైనా అడగాలంటే ఆవిడే అడగాలి.

రెండింటికి తన సొంత కారులో ట్రాక్ ఎక్కింది. మూడో ల్యాప్‌లో వాన మొదలైంది. ఏడో మలుపు పల్లంలోకి దిగుతుంది, రోడ్డు మీద ఆకులు రాలి ఉన్నాయి. సరిగ్గా అక్కడ తోక జారింది. నా పక్క కిటికీలో ఇనుప కంచె పెద్దదవుతోంది. నోరు తెరుచుకుంది నాకు. మెల్లగా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి మింగాను. అది మింగడమంత కష్టమైన పని నా ఉద్యోగంలో మరోటి చెయ్యలేదు. ఆవిడ కంచె వైపు చూడలేదు. మలుపు దాటాక వచ్చే రోడ్డు వైపు చూసింది. కారు అటొకసారి ఇటొకసారి ఊగి, ఆవిడ చూసిన వైపే వెళ్ళింది. బ్రేక్ లేదు.

"తర్వాత మలుపుకి బ్రేక్ ఇంకాస్త ముందు వెయ్యాలా?" అని అడిగింది. అరచెయ్యి ఎత్తి చూపించాను.

సాయంత్రం పార్కింగ్‌లో విశ్వనాథం గారు తాళాల కోసం చెయ్యి చాచాడు. వాన పడుతోంది, నువ్వు అలిసిపోయావు, నేను నడుపుతా అన్నాడు.

"ఏమండీ, నేను నడుపుతాను. ఒక్కదాన్నే వెళ్తాను. మీరు మూర్తిగారి కారులో రండి" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. ఆయన నా వైపు తిరిగి, మీరైనా చెప్పండి అన్నాడు. పొద్దున్నించీ ఆగకుండా మాట్లాడినవాణ్ణి, నేను నా షూ లేసులు చూసుకున్నాను. ఆవిడ కారెక్కి, సిగ్నల్ వేసి వెళ్ళిపోయింది.

వాళ్ళ ఊరూ నేపర్‌విల్ వైపే, ఇక రెండున్నర గంటలు విశ్వనాథం గారు నా పక్కన. ఆ ట్రక్కు చూసుకోండి, వైపర్ ఇంకాస్త ఫాస్ట్‌గా పెట్టండి, దూరం ఉంచండి. ఆయన కుడికాలు కింద కార్పెట్‌ని తొక్కి తొక్కి అరగదీసింది. టోల్ ప్లాజాలో ఈయన్ని దింపేసి పోతే ఎవరడుగుతారు అని నాలుగుసార్లు అనుకున్నాను. ఆవిడ కారు చాలాసేపు ముందు కనబడుతూనే ఉంది. ఇలినాయ్‌లోకి వచ్చాక ఆవిడ లేన్ మారి, రెండు ట్రక్కుల పక్కనుంచి దాటుకుని వెళ్ళిపోయింది. ఈయన సీట్లో ముందుకి వంగాడు.

"మూర్తిగారూ, కొంచెం స్పీడుగా పోనివ్వండి. కనబడటం లేదు" అన్నాడు.

ఆ గొంతులో పెత్తనం లేదు. ఉన్నదంతా భయమే. నాలుగేళ్ళుగా ఆవిడ చెవిలో పోసిందీ ఆ భయమేనని అప్పుడు తెలిసింది నాకు. పొద్దున్నించీ ఆయన మీద పెంచుకున్న కోపం కాస్త తగ్గింది, పూర్తిగా పోలేదు. నేను స్పీడు పెంచలేదు.

ఆ తర్వాత ఏడేళ్ళు ఆ పని చేశాను. ఏ స్టూడెంటు వచ్చినా మొదటి మూడు ల్యాపులూ నోరు మెదపకుండా కూర్చునేవాణ్ణి, ఈ మనిషి కాలు ఎవరి మాట వింటోందో చూద్దామని. తమ్ముడు పక్కన ఉంటే ఒకలా, బాస్ పక్కన ఉంటే ఇంకోలా నడిపేవాళ్ళని ఎంతమందినో చూశాను. భయం పోగొడుతున్నాననుకుంటూ మన భయాన్నే పక్కవాడి కాలికి కట్టేస్తాం. ఆ ముక్క నాకు నేర్పింది ఆరేళ్ళ అనుభవం కాదు, ఆ పన్నెండు చుట్లు.

జనవరిలో, బాగా మంచు పడుతున్న వారంలో, విశ్వనాథం గారు ఫోన్ చేశాడు. సుశీల గారి పేరు ఆసుపత్రి రోస్టర్‌లో ఖాయమైందట. అది చెప్పడానికి చేశాడనుకున్నాను. కాదు, ఫిర్యాదు.

"బీపర్ మోగితే నేను కోటు తొడుక్కునేలోపే కారు రోడ్డెక్కేస్తోందండీ. చేరగానే ఆసుపత్రి నుంచి ఫోన్ మాత్రం చేస్తుంది. అది వచ్చేదాకా నేనేం చెయ్యాలో చెప్పండి" అన్నాడు.

నాకూ తెలియదని చెప్పాను.